పల్లె క్రైస్తవుల పండుగలు

పండుగలను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు విషయములను విచారింతురు. ఆనాడు పూజింపబడు దైవమెవరు? ఆ పూజావిధి యెట్టిది? మూడవ ప్రశ్న యొకటి కలదు గాని దానిని వేయువారు తక్కువ. ఆ పండుగనాడు ఊరిలో పని మానినవారెవరు, పని హెచ్చినవారెవరు? ఈ ప్రశ్న వేసి చూచినచో మన గ్రామముల చరిత్ర వేఱొక రూపమున గోచరించును. తెలుగుదేశపు పల్లెలలోని క్రైస్తవుల పండుగలు ఎట్లేర్పడినవో ఈ ప్రశ్నవలననే స్పష్టముగా తెలియగలదు.

పూర్వము మన గ్రామములలో జాతర యనగా ఊరంతటికిని పండుగయే. కాని అందు ఎవరి పాలు ఎంతయో కులమునుబట్టి నిర్ణయింపబడి యుండెను. డప్పు వాయించుట మాదిగల విధి. దున్నపోతును బలియిచ్చుట, నెత్తురు కలిపిన పొలిని పొలిమేర వెంబడి చల్లుట మొదలగు పనులు ఆయా తావుల ఆచారమునుబట్టి మాలల పాలనో మాదిగల పాలనో బడుచుండెను. మద్రాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ హిందూదేశపు గ్రామదేవతలను గూర్చి 1916లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి జాతరలు విపులముగా వర్ణింపబడినవి. ఆ పనులకు ఆచారసిద్ధమైన ప్రతిఫలము కొంత కలదు. జాతరలో వారు లేనిది తంతు సాగదను ఒకవిధమగు గౌరవమును కలదు. లేనిదెల్ల ఒక్కటే: చేయనని చెప్పు అధికారము. ఊరికి పండుగ వచ్చిన దినమే వాడకు వెట్టి హెచ్చిన దినము.

ఇట్టి స్థితిలోనుండి వచ్చినవారే తెలుగు పల్లెలలోని క్రైస్తవులలో అధికసంఖ్యాకులు. అందఱును అట్టివారని చెప్పుటకు వీలులేదు. 1701 ప్రాంతమున పుంగనూరులో ఆరంభమైన కర్ణాటక జెసూటు మిషను వలన రెడ్డి, కమ్మ మొదలగు కుటుంబములు కథోలిక మతమున చేరినవి. వారి సంతతివారు గుంటూరు మండలమున ఫిరంగిపురము మొదలగు తావుల నేటికిని కలరు. తరువాత 1842లో హేయరు దొర గుంటూరునకు వచ్చి లూథరను సంఘమునకు పునాది వేసెను. ఒంగోలులో బాప్తిస్టులు, దోర్నకల్లులో ఆంగ్లికనులు, మెదకులో వెస్లియనులు పనిచేసిరి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము మొదలుకొని మాలపల్లెలు, మాదిగపల్లెలు గుంపులు గుంపులుగా ఈ సంఘములలో చేరినవి. కావున పల్లె క్రైస్తవుల పండుగలు ఏ దేశమునుండి వచ్చినవను విచారణకంటె, అవి ఇచ్చటివారికి ఏమి సంపాదించి పెట్టినవను విచారణ ముఖ్యతరము.

వారు సంపాదించుకొన్న మొదటి పండుగ క్రిస్మస్ కాదు, ఆదివారము. ఒంగోలు ప్రాంతపు చరిత్ర దీనికి సాక్ష్యము. యెఱ్ఱగుంట్ల పేరయ్య యను తోళ్ల వర్తకుడు 1866లో బాప్తిస్మము పొందెను. అదే సంవత్సరమున జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. పేరయ్య ఊరూర తిరిగి తన వారికి చెప్పిన మాటలవలన మాదిగపల్లెలు కదలినవి. చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు.

పైకి ఈ మూడును మతనియమములుగానే కనబడును. కాని వాని ఫలితమును పరిశీలింపుడు. పాలేరు ఏడాదికి కట్టుబడి, వారములో ఏడు దినములును కామందు పిలుపునకు సిద్ధముగా నుండువాడు. ఆదివారము రానన్నచో అతని కాలములో ఏడవపాలు అతనిదే అయినది. చచ్చిన పశువు మాదిగ సేవకు ప్రతిఫలములో నొక భాగము. దానిని తిననన్నచో ఆ సేవాబంధము సడలినది. విగ్రహారాధన కూడదన్నచో జాతరలో డప్పు మ్రోగదు. పని, కూలి, డప్పు, ఈ మూడు పేటలతో పేనిన త్రాడే వెట్టి. మూడు నియమములును మూడు పేటలనే తెంచినవి.

ఊరిపెద్దలు దీనిని వెంటనే గ్రహించిరి. డప్పు కొట్టని వారిపై ఆగ్రహము చెలరేగినది. కోతకాలమున ఒకదినము పని నిలిచినచో పంట పాడగునని రైతు మొఱ్ఱ పెట్టెను. అతని కష్టమును అబద్ధము కాదు. కాని ప్రతిక్రియ కఠినముగా నుండెను. పలుతావుల నీళ్లకు అడ్డు పెట్టిరి, పొలము పనులకు పిలువరైరి, కొట్టిరి. ఒక్క దినమును తమదిగా జేసికొనుటకు ఆ పేదలు ఎంత మూల్యము చెల్లించిరో ఆలోచించినచో, నేడు మనము ఆదివారపు సెలవును ఎంత తేలికగా అనుభవించుచున్నామో తెలియును.

ధాత కఱవు 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో 3½ మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టు తీసికొని వేలకొలది జనులకు పని కల్పించెను. కూటికై మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు ఆ కాలమున దాదాపు పదునైదు నెలలు బాప్తిస్మములు నిలిపివేసెను. కఱవు తీరిన పిదప 1878 జులై 2, 3, 4 తేదీలలో ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. అందు 3వ తేదీ యొక్కనాడే 2,222 మంది. సంఖ్యను జూచి ఆశ్చర్యపడువారు మఱియొక విషయమును మఱవరాదు. ఆ జనమంతయు ఏటి యొడ్డున గుమిగూడినది ఎవరి జాతరకును డప్పు వాయించుటకు కాదు. తమ పేరు తాము చెప్పుకొనుటకు అట్లు గుంపుగూడుట వారి వాడలకు క్రొత్త.

బాప్తిస్టులు పంచాంగపు పండుగలకు అంతగా ప్రాముఖ్యమిచ్చువారు కారు. అందువలన ఒంగోలు సీమలో పండుగ స్థానమును కూటములే ఆక్రమించినవి. మూడునెలల కొకసారి బోధకులు ఊళ్లనుండి ఒంగోలునకు చేరి తమ తమ పల్లెల సంగతులు విన్నవించుచుండిరి. 1854 జనవరి 1వ తేదీని జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు తెల్లవారుజామున ఎక్కి ప్రార్థించిన కొండ ప్రార్థనకొండ యను పేర ప్రసిద్ధి కెక్కినది. క్రొత్త సంవత్సరాదికి ఆ ప్రాంతమున కలిగిన పవిత్రతకు ఈ స్మృతియు ఒక కారణము.

ఇతర సంఘములలో సంవత్సరచక్రము సంపూర్ణముగా నెలకొన్నది. దానిని మన ఋతువులతో సరిపోల్చి చూచిన విశేషములు కొన్ని బయలుపడును. క్రిస్మస్ ధనుర్మాసమున వచ్చును. డెల్టాలో సార్వా వరి కోతలు, మెదకు సీమలో చెఱువుల క్రింది వానకాలపు పంట అప్పటికి ఇంటికి చేరుచుండును. ఏడాదిలో కూలివాని గాదెలో నాలుగు గింజలుండు కాలమది. ఈస్టరు సంఘమునకు ప్రధానమైన పండుగయని ఉపదేశకులు ఎంత చెప్పినను, పల్లెలో పెద్ద పండుగ క్రిస్మసే అగుటకు కారణము వేదాంతమున లేదు, కల్లమున కలదు. క్రొత్త బట్టలకు, అరిసెలకు, గోడలకు సున్నము వేయుటకు అప్పుడే వీలు. ఒకవంక హరిదాసులు, జంగమదేవరలు తెల్లవారుజామున పాడుచు తిరుగు ఆ దినములలోనే క్రైస్తవ యువకులు వెదురుబద్దల నక్షత్రమును మోసికొని రాత్రివేళ ఇంటింట పాడుచు పోవుదురు. పాటలును పరదేశపు బాణీలు మాత్రమే కావు. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలగువారు కీర్తనల పద్ధతిని రచించిన పాటలు రాగతాళములతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి, చదువురాని వాడలలో నోటికి వచ్చినవి.

జనవరి 6వ తేదీని ప్రత్యక్షత పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు శిశువును దర్శించినట్లు చెప్పు కథ దీనికి మూలము. దోర్నకల్లు ప్రధానాలయము ఈ పండుగ పేరనే వెలసి, 1939లో ఆ దినముననే ప్రతిష్ఠింపబడెను. దేవాలయ స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక అందు కలిసియున్నవి. ఏసుక్రీస్తు పాశ్చాత్యుల సొత్తు కాడని రాళ్లతో చెప్పించుటకే ఆ కట్టడమును వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు సంకల్పించిరి.

మాఘ ఫాల్గుణములలో శ్రమదినములు ఆరంభమగును. కొన్ని యేండ్ల భస్మబుధవారము మహాశివరాత్రికి చేరువగా వచ్చును. ఒకే వీధిలో ఒకరు విభూతిని, ఒకరు బూడిద సిలువను నొసట ధరించి కనబడుట మన దేశమునకు వింత కాదు. మట్టల ఆదివారమునకు యెరూషలేము ఖర్జూరపుమట్ట లేదని ఎవరును చింతింపలేదు. తాటిమట్టయో, ఈతమట్టయో, కొబ్బరిమట్టయో ఆ పని నెఱవేర్చినది. ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల, వసంతపు పున్నమ తరువాతి ఆదివారమున వచ్చును. తిథులెఱిగిన మన పల్లెవారికి చంద్రునితో నడచు ఆ పండుగ లెక్క చెప్పుట కష్టము కాలేదు. ఆనాడు సూర్యోదయమునకు ముందే పలువురు శ్మశానమునకు పోయి, తమవారి సమాధులకు సున్నము వేసి, పూలుంచి, పాడుదురు. కథోలికులు ఈ స్మరణమును నవంబరు 2వ తేదీనియు చేయుదురు. శ్మశానము పేరెత్తుటకే వెఱచు దేశమున, పసిపిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పండుగకు పోవుట గొప్ప మార్పు. పేరులేక పాతిపెట్టబడుచుండినవారికి ఒక గుఱుతు, ఏటేట ఒక స్మరణ లభించినవి.

ఈస్టరునకు ఏబదవనాడు పెంతెకొస్తు. అది కృత్తిక, రోహిణి, మృగశిర కార్తెలలో నెప్పుడో వచ్చును. అటుపిమ్మట సంఘపు పంచాంగము దాదాపుగా మౌనము వహించును. దుక్కి, నారు, నాటు, కలుపు, ఇవియే ఆ కాలపు పండుగలు. శ్రమజీవికి ఈ మౌనము అనుకూలమే. కాని ఊరి పంచాంగము సరిగా ఈ కాలముననే నిండుకుండవలె నుండును. ఆషాఢము మొదలు కార్తికము వఱకు వినాయకచవితి, దసరా, దీపావళి, తెలంగాణమున బోనాలు, బతుకమ్మ వరుసగా వచ్చును. వీధి యంతయు పూలతో నిండియుండగా ఒక యింటి ఆడుబిడ్డలు మాత్రము గడపలో నిలిచి చూచుచుండుట ఎట్లుండునో ఊహింపవచ్చును. మెదకు ప్రాంతపు పల్లెలను పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ అనువారు 1968లో ప్రకటించిన గ్రంథమున, సంఘపు పండుగలతోబాటు ఊరి ఆచారములలోను పాల్గొను క్రైస్తవ కుటుంబములు కనబడుచున్నవి. దీనిని విశ్వాసలోపమని నిందించుట సులభము. ఏడాదిలో సగము ఖాళీగా నున్న పంచాంగమే దీనికి కొంత కారణమని గ్రహించుట న్యాయము.

ఈ ఖాళీని పూరింప దొరకొన్నది కోతపండుగ. దీని పుట్టుక ప్రాచీనము కాదు. 1843లో ఇంగ్లండు కార్న్‌వాల్ తీరమున మార్వెన్‌స్టో అను గ్రామపు గురువగు రాబర్ట్ హాకర్ ఆరంభించిన కృతజ్ఞతారాధనము ఆంగ్లేయ సంఘములలో వ్యాపించి, మిషనరీల వెంట ఇచ్చటికి వచ్చెను. కాని ఇచ్చటికి వచ్చి అది పూర్తిగా ఇచ్చటిదైనది. దీనికి ఒక తేదీ లేదు. వరి పండుచోట వరికోత పిమ్మట, జొన్న పండు మెట్టసీమలలో జొన్నకోత పిమ్మట జరుపుకొందురు. మొదటి వరిపన, గుమ్మడికాయ, కోడి, మేకపిల్ల, గంపెడు మిరపకాయలు బలిపీఠము ముందు చేరును. పిమ్మట చెట్టుక్రింద వేలము. ఒక కోడిగ్రుడ్డు పదిచేతులు మాఱి, కొన్నవాడే మరల సమర్పింపగా, తన వెలకు ఎన్నోరెట్లు పలుకుటయు కలదు. నవ్వులతో సాగు ఆ వేలమున ఒక గంభీరమైన విషయము దాగియున్నది: పుచ్చుకొనుటకే అలవడిన చేతులు అచ్చట ఇచ్చుట నేర్చినవి.

అజరయ్యగారు దీనిని బాగుగా నెఱిగినవారు. తిరునెల్వేలి సీమయందు 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో దోర్నకల్లు చేరి, 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పయ్యెను. పరదేశపు ధనముతో బ్రతుకు సంఘము ఎన్నటికిని ఎదుగదని ఆయన మతము. వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు వేఱు కుండలో వేయుడని స్త్రీలకు బోధించిరి. ఆ కుండ సంఘపు ఖజానా. కూలికి పోవు ఇల్లాలు తన పొయ్యికడ నిలిచి ఉపదేశి జీతములో నొక భాగమును చెల్లించినది. పాటలు, భజనలు, కోలాటములు పండుగలలో నుండవలెనని ఆయన ప్రోత్సహించిరి. 1945 జనవరి 1న ఆయన దివంగతులైరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘము ఏర్పడి, దోర్నకల్లు ఆంగ్లికనులను, మెదకు వెస్లియనులను ఒక్కటి చేసెను.

పల్లెల వారందఱును ఒకచోట కూడు జాతరలును పుట్టినవి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కఱవున పనిలేనివారికి పని కల్పించుచు కట్టించిన మహాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాదాపు 175 అడుగుల ఆ గోపురము నీడను క్రిస్మస్‌నాడు వేలకొలది జనము చేరును. అదే 1924లో విజయవాడ గుణదల కొండపై ఆర్లాటి గురువు మేరీమాత విగ్రహమును నెలకొల్పెను. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లకు అన్యమతస్థులును వచ్చి, టెంకాయలు కొట్టి, తలనీలాలు సమర్పించి పోవుదురు. మ్రొక్కు తీర్చుకొను మన జనుల స్వభావము ఏ కొండకైనను దారి యెఱుగును.

ఇంతవఱకు మేలు చెప్పితిమి. లోపములు చెప్పకుండుట చరిత్రకు ధర్మము కాదు. క్రిస్మస్ వ్యయము కొన్ని యిండ్లలో కల్లపు గింజలను దాటి అప్పుల వఱకు పోవుచున్నది. పొరుగువాని బట్టలను జూచి తన బిడ్డకు వెలగల బట్టలు తెచ్చి, సంక్రాంతి నాటికి వడ్డీ లెక్కించువాడు పండుగ చేసికొన్నవాడు కాడు. అంతకంటె పెద్ద లోపము కులము. ఒంగోలు బాప్తిస్టులలో మాదిగలు, గుంటూరు లూథరనులలోను దోర్నకల్లు ఆంగ్లికనులలోను మాలలు అధికముగా చేరుటచేత సంఘభేదమే కులభేదమైన తావులు పెక్కు కలవు. ఒకే ఊరిలో రెండు గుడులు, రెండు నక్షత్రములు, రెండు ఊరేగింపులు! పూర్వకాలమున క్రైస్తవులైన రెడ్డి, కమ్మ కుటుంబములకును దళిత క్రైస్తవులకును శ్మశానములు వేఱైన చోట్లును లేకపోలేదు. ఈస్టరు తెల్లవారున మృత్యువు జయింపబడినదని పాడుచు, మృతులకు గోడ కట్టుట ఏమి న్యాయము? ఇక స్త్రీలు. పిడికెడు బియ్యముతో సంఘమును నిలిపినవారు వారు; పండుగనాడు తెల్లవార్లు పొయ్యికడ నుండువారును వారే. మొదట వేసిన ప్రశ్న వారి విషయమున ఇంకను ప్రశ్నగానే యున్నది.

డప్పు చరిత్రను తుదకు చెప్పవలసియున్నది. ఒంగోలు సీమలో మొదటితరము వారు దానిని విడిచిరి. అది వెట్టికి గుఱుతుగా నుండుటచేత విడుచుటయే గౌరవమయ్యెను. తరువాత దాదాపు నూటముప్పది యేండ్లకు, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామమున మాదిగ దండోరా ఉద్యమము పుట్టి, అదే డప్పును ఆత్మగౌరవమునకు చిహ్నముగా చేతబట్టెను. నేడు క్రిస్మస్ ఊరేగింపులలో నక్షత్రము ముందు డప్పు మ్రోగు పల్లెలు కలవు. తాతలు నిరాకరించిన దానిని మనుమలు చేపట్టిరని దీనిని వైరుధ్యముగా భావింపరాదు. తాతలు నిరాకరించినది తోలును కాదు, నాదమును కాదు, ఆజ్ఞను. వాయింపనని చెప్పుటకు అధికారము గడించిన పిదపనే వాయించుట ఆనందమైనది.

పండుగలన్నిటికిని ఈ కొలత చాలును. హిందువులది కానిండు, మహమ్మదీయులది కానిండు, క్రైస్తవులది కానిండు, ఏ పండుగనాడు ఊరిలో కడపటివాడు స్వేచ్ఛగా కూర్చుండి తినునో, ఇష్టముతో పాడునో, ఇష్టము లేనిచో ఊరకుండగలడో, ఆ పండుగ సంస్కరింపబడిన పండుగ. తక్కినవానికి సంస్కారము ఇంకను మిగిలియున్నది. పల్లె క్రైస్తవులు తమ ఏడాదిలో కొన్ని దినములను ఇట్లు గడించిరి. రాబోవు క్రిస్మస్‌నాటికి రెండు గుడుల వారు ఒక పంక్తిని కూర్చుండి, మగవారు వడ్డింపగా ఆడువారు ముందు భుజించినచో, ఆ గడనలో మఱియొక దినము చేరును.